సముద్రం మీది విమానాలు: అనుభవం ఉండాల్సింది ఎవరికి?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఏఎంఈ (విమానాల నిర్వహణ ఇంజినీరింగ్) కోర్సు చదువుతున్నాడు. కొత్త రకం విమానాన్ని కొన్న సంస్థ, ఏడాది అనుభవం వచ్చేదాకా దాన్ని సముద్రం మీదుగా దూర ప్రయాణాలకు నడపకూడదని విన్నాం. అలాంటి సంస్థలో చేరితే వాడు వెనకబడిపోతాడా?

జవాబు: మీరు విన్న నియమం ఉన్నమాట నిజమే కానీ, ఆ అనుభవం ఉండాల్సింది సంస్థకు, మీ అబ్బాయికి కాదు. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, మిగిలిన దానితో గంటలోపు ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలగాలన్నది పాత నిబంధన. ఆ గంట దాటి వెళ్లేందుకు ఇచ్చే ప్రత్యేక అనుమతినే ఈటాప్స్ అనీ, ఇప్పుడు ఈడీటీవో అనీ అంటున్నారు. అమెరికా పద్ధతిలో, ఒక రకం విమానాన్ని ఒక రకం ఇంజిన్‌తో పన్నెండు నెలలు నడిపిన సంస్థకు, గంటకు బదులు 120 నిమిషాల దూరం దాకా వెళ్లే అనుమతి, ఆ అనుమతితో మరో ఏడాది నడిపాక 180 నిమిషాల అనుమతి ఇవ్వడం ఒక మార్గం. నిర్వహణ, శిక్షణ, పర్యవేక్షణ పద్ధతులను ముందే నిరూపించి, ఈ గడువును తగ్గించుకునే మార్గం కూడా ఉంది.

విమానం సంస్థకు అలవాటైనదైనంత మాత్రాన అనుమతి దానంతట అదే రాదు. అమెరికా విమాన సంస్థ సౌత్‌వెస్ట్ దశాబ్దాలుగా బోయింగ్ 737లే నడుపుతున్నా, హవాయి సర్వీసులకు అధికారుల ముందు పరీక్షా ప్రయాణాలు చేసి చూపించాకే 2019 మార్చిలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నుంచి హవాయిలోని హోనొలులుకు ప్రయాణికులను తీసుకెళ్లగలిగింది. దారిలో దిగడానికి విమానాశ్రయమే లేని సుమారు 3,900 కిలోమీటర్ల దూరమది.

మెయింటెనెన్స్‌లో చేరబోయే విద్యార్థి తప్పక చదవాల్సిన ఉదంతం 1983 మే 5న జరిగింది. అమెరికాలోని మయామీ నుంచి బహామాస్ దీవుల్లోని నాసో వెళ్తున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఎల్-1011 విమానానికి మూడు ఇంజిన్లున్నాయి. ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను ఉందేమో పట్టే చిప్ డిటెక్టర్లను ముందురోజు రాత్రి మార్చినవారు, మూడింటిలోనూ ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు) లేకుండానే బిగించారు. సముద్రం మీద ఆయిల్ కారిపోయి, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు ఇంజిన్లూ ఆగాయి. ముందుగా ఆపిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయగలిగారు కనుకనే, విమానం మయామీకి తిరిగొచ్చి అందులోని 172 మందీ బతికారు. ఒకే పొరపాటు అన్ని ఇంజిన్లలోనూ దొర్లితే ఇంజిన్ల సంఖ్య ఎవరినీ కాపాడదు. అందుకే ఈటాప్స్ విమానంలో ఒకే వ్యక్తి ఒకే విడతలో రెండు ఇంజిన్లకూ ఒకే పని చేయకుండా చూస్తారు. తప్పనిసరైతే మరొకరు తనిఖీ చేయాలి. ఆయిల్ వాడకాన్ని ప్రయాణం ప్రయాణానికీ లెక్కగట్టడం, బయల్దేరే ముందు ప్రత్యేక తనిఖీ చేయడం, గాలిలో ఇంజిన్ ఆగిన ప్రతి ఘటననూ నమోదు చేయడం కూడా ఈ పనిలో భాగాలే.

సంస్థ ఆ ఏడాదిలో అధికారులకు చూపాల్సిన రికార్డు ఇలాంటి పనుల నుంచే తయారవుతుంది కాబట్టి, కొత్త విమానంతో మొదలుపెట్టే సంస్థలో చేరితే మీ అబ్బాయి ఈ పద్ధతులన్నీ మొదటి నుంచీ నేర్చుకుంటాడు. అది వెనకబడటమని నేననుకోను. బేసిక్ లైసెన్సు, ఆపైన టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానానికి విడిగా తెచ్చుకునే అర్హత) మాత్రం ఎక్కడ చేరినా తప్పవు. ఇంటర్వ్యూలో జీతంతోపాటు రెండు సంగతులు అడగమనండి: కొత్తవారికి ఈడీటీవో శిక్షణ ఎప్పుడు ఇస్తారు, చేసిన పనులను లాగ్‌బుక్‌లో సంతకం చేసి ధ్రువీకరించే సీనియర్ ప్రతి షిఫ్టులోనూ ఉంటారా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో సంస్థను చూసుకోవడం మంచిది.