ఇంట్లో కారు స్కానర్ కొనుక్కోవడం డబ్బు దండగా?

ఏడు వేలు పెట్టి కారు స్కానింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటున్నానని, ఇంట్లో వాడుకోవడానికి పనికొస్తుందా లేక డబ్బు దండగా అని అడిగారు. మీదీ వైజాగే అన్నారు, కారు 2018 పెట్రోల్ అన్నారు. నాదీ ఇంచుమించు అలాంటి కారే కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

స్కానర్ అంటే కారులోని కంప్యూటర్ రాసుకున్న లోపాల నంబర్లు, అంటే కోడ్లు, చదివి చూపించేది. అది తప్పకుండా కొనండి. ఏడు వేలది మాత్రం వద్దు. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఆ వెయ్యి రూపాయల వస్తువు నా చేతిలో లేక ఒకసారి ఇరవై ఒక్క వేలు కట్టబోయాను.

రెండేళ్ల కిందట శ్రావణంలో ఒక శనివారం అమ్మని సింహాచలం తీసుకెళ్తున్నాను. రాత్రంతా వాన పడింది. కొండ ఘాట్ రోడ్డు సగం ఎక్కామో లేదో ఇంజిన్ వణకడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు వెళ్లదు, స్టీరింగ్ పట్టుకున్న చేతులకి ఆ వణుకు తెలుస్తోంది. మీటర్లో పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. వెనకాల బస్సు హారన్. అమ్మ వెనక సీట్లో “అప్పన్నా, క్షేమంగా కిందికి దించు తండ్రీ” అని దండం పెట్టేస్తోంది. కారు పక్కకి తీసి ఆపాను. అమ్మని ఆటోలో పైకి పంపించి, నేను మెల్లగా రెండో గేర్లో కిందికి దిగాను.

ఆ లైటు నిలకడగా వెలగడం వేరు, వెలిగి ఆరడం వేరని నాకు అప్పటికి తెలియదు. వెలిగి ఆరుతోందంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండటం లేదు, దీన్నే మిస్‌ఫైర్ అంటారు, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ఆ కన్వర్టర్ ఖరీదు వింటే భయం వేస్తుంది. కాబట్టి అలా వెలిగి ఆరితే కారు ఆపేయాలి. ఇది కారు కొన్న రోజునే చెప్పాల్సిన విషయం, నాకు ఎవరూ చెప్పలేదు.

సోమవారం ఒక సర్వీస్ సెంటర్లో ఇచ్చాను. సాయంత్రం ఎస్టిమేట్ చేతికిచ్చారు. నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్ (ప్లగ్గులకి కరెంటు అందించేవి), నాలుగు స్పార్క్ ప్లగ్గులు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్, గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ క్లీనింగ్, అన్నీ కలిపి ఇరవై ఒక్క వేలు. “కోడ్ ఏమొచ్చిందండీ?” అని అడిగాను. “మిస్‌ఫైర్ సార్, అన్నీ మార్చేస్తే మళ్లీ రాదు” అన్నారు. ఏ సిలిండర్‌లో అని అడిగితే జవాబు లేదు. కొత్తగా వచ్చిన కుర్రాడు పాపం, అతని మీద నాకు కోపం లేదు. స్కానింగ్‌కి మాత్రం విడిగా బిల్లు వేశారు. అది కట్టి కారు ఇంటికి తెచ్చేశాను.

మర్రిపాలెంలో మా పక్క ఫ్లాట్‌లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఉన్నాడు. “అంకుల్, ముందు కోడ్ చూద్దాం, తర్వాత ఆలోచిద్దాం” అని అగ్గిపెట్టె అంత నీలం రంగు అడాప్టర్ తెచ్చాడు. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఇన్నేళ్లుగా నడుపుతున్న కారులో అది ఉందని నేను ఆ రోజే చూశాను. తాళం ఆన్‌లో పెట్టి ఫోన్‌కి కలిపితే అర నిమిషంలో వచ్చింది: పీ0302. మిస్‌ఫైర్ అయితే చివరి అంకె సిలిండర్ నంబరు. అంటే రెండో సిలిండర్.

దాని కిందే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంది. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎన్ని ఆర్పీఎం, ఎంత లోడ్ అన్నీ అందులో రాసుకుని ఉన్నాయి. లోడ్ ఎనభై శాతం దాటి ఉంది. అమ్మ దండం పెట్టిన ఆ మలుపు నాకు కళ్ల ముందు కనపడింది.

తర్వాత ఆ అబ్బాయి చేసింది మీరు కూడా నేర్చుకోండి. ఇంజిన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్ విప్పి నాలుగో దాంట్లో పెట్టాడు, నాలుగోది రెండో దాంట్లో. ఒక్కోదానికి ఒక బోల్టు, ఒక కనెక్టర్, అంతే. కోడ్ చెరిపేసి ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కి దిగి వచ్చాం. పెండింగ్‌లో, అంటే ఇంకా ఖాయం కాని కోడ్ల జాబితాలో, ఈసారి పీ0304 పడింది. లోపం కాయిల్‌తో పాటే నడిచి వెళ్లింది. అంటే ప్లగ్గూ కాదు, ఇంజెక్టరూ కాదు, ఆ ఒక్క కాయిలే. కోడ్ మారకుండా రెండులోనే ఉండి ఉంటే మాత్రం ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ ఒక్కొక్కటీ చూసుకోవాల్సి వచ్చేది.

కొత్త కాయిల్ కొని కంచరపాలెంలో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన దగ్గర ఏ స్కానరూ లేదు. రెండో సిలిండర్ కనెక్టర్ విప్పి టార్చి వేసి, “సూడు బాబూ, పిన్నుకి సిలుము పట్టీసింది. ఇది తుడవకండా ఎన్ని కాయిల్సు ఏసినా ఇలాగే పాడైపోతాయి” అన్నాడు. ప్లగ్గు గుంటలో నీళ్లు నిలిచిన మరక కూడా చూపించాడు. సముద్రం పక్కన ఊరు, ఉప్పు గాలి, దానికి తోడు నేను నెల కిందట వాటర్ వాష్ చేయించినప్పుడు ఇంజిన్ మీద ప్రెషర్ గన్ పెట్టి కొట్టారు. దయచేసి ఎవరూ ఇంజిన్ మీద అలా నీళ్లు కొట్టనివ్వకండి, వద్దని ముందే చెప్పండి. మొత్తం ఖర్చు మూడు వేల లోపు అయింది. ఇప్పటికి ఆ లైటు మళ్లీ రాలేదు.

స్కానర్ సిలిండర్ నంబరు చెప్పింది, చిలుము సంగతి మేస్త్రి కళ్లు చెప్పాయి. కోడ్ అంటే మార్చాల్సిన పార్టు పేరు కాదు. పీ0171 వస్తే చాలామంది ఆక్సిజన్ సెన్సర్ కొనేస్తారు. ఆ కోడ్‌కి అర్థం ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని మాత్రమే. చిన్న రబ్బరు గొట్టం చిట్లినా అదే కోడ్ పడుతుంది.

నాకు అసలు బాధ వేరే ఉంది. రక్తపరీక్షకి డబ్బు కడితే ల్యాబ్ వాళ్లు రిపోర్టు మన చేతికిస్తారు. ఎక్స్‌రే తీస్తే ఫిల్మ్ మనదే. కారు స్కానింగ్‌కి డబ్బు తీసుకుని కోడ్ నంబరు కూడా రాసివ్వకపోవడం ఏ న్యాయం? ఆ నంబరు నా కారుది, నేను డబ్బిచ్చి తీయించుకున్నది. ఇంట్లో స్కానర్ ఉండాలని నేను అనేది మనమే రిపేర్లు చేసుకోవడానికి కాదు, ఆ నంబరు చూసుకుని వెళ్లి అడగడానికి. “రెండో సిలిండర్ మిస్‌ఫైర్, కాయిల్ అటూ ఇటూ మార్చి చూశాను” అని చెప్పండి, అవతలివాళ్ల మాట తీరే మారిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా ఇది కావాలి. మా బావమరిది అనకాపల్లిలో ఒక కారు చూశాడు, నేను అడాప్టర్ పట్టుకుని వెళ్లాను. ఒక్క కోడ్ లేదు, కానీ రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనని తాను చేసుకునే పరీక్షలు, చాలావరకు పూర్తి కాలేదని చూపించింది. కోడ్లు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా అలా వస్తుంది. నాలుగు రోజులు నడిపి మళ్లీ చూపించండి అంటే అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. మేమూ వదిలేశాం.

ఇక మీ సంగతి. పొగ కాలుష్యం మీద ప్రభుత్వ నిబంధనల్లో దేశమంతా బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. మీది 2018 కారు, అంటే కనీసం బీఎస్-4, కాబట్టి సాకెట్ ఉంటుంది, మామూలు యాప్ ఇంజిన్ కోడ్లు చదువుతుంది. ఐఫోన్ అయితే బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్న అడాప్టర్ తీసుకోండి, మామూలు బ్లూటూత్‌ది కలవదు. ఏబీఎస్ (బ్రేకుల వ్యవస్థ), ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగితే ఈ చవక సరంజామా చాలావరకు చదవలేదు, వాటికి వర్క్‌షాప్‌కి వెళ్లాల్సిందే, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ జోలికి మనం పోకూడదు. పని అయ్యాక అడాప్టర్ పీకేయండి, వారాల తరబడి ఉంచేస్తే బ్యాటరీ దిగిపోతుంది. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, చెరిపితే అది కూడా పోతుంది.

మీకు ఇప్పుడు లైటు వెలుగుతూ ఉంటే కొనేదాకా ఆగక్కర్లేదు. ఎవరి దగ్గరైనా అడాప్టర్ ఉంటే పది నిమిషాలు అడిగి తీసుకుని ముందు ఆ కోడ్ చూడండి. వచ్చిన నంబరు ఇక్కడ కింద రాయండి, ఏం చూడాలో నాకు తెలిసినంత చెబుతాను.