ఆ నాలుగు వేల అడ్రసులు పక్కన పెట్టు

గుంటూరు

అమ్ములూ,

పచ్చళ్లకి సొంతంగా వెబ్‌సైట్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే పొంగిపోయాను. వెంటనే ఇంకో ముక్క అంది: ఎగ్జిబిషన్‌లో పక్క స్టాల్ వాళ్లిచ్చిన నాలుగు వేల ఈమెయిల్ అడ్రసులకి మొదటిరోజే ఆఫర్ పంపిస్తావని. గుండె గుభేలుమంది.

చిన్నవి ముందే చెప్పేస్తా. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టు. సైటు కట్టే కుర్రాడికి వేరే లాగిన్ ఇచ్చి, పనవగానే తీసెయ్యి. ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే పర్మిషన్ అంకెలు ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644 పెట్టు. ఏదో పనిచెయ్యట్లేదని అందరికీ తలుపు తెరిచే 777 పెట్టమంటే వినకు. డబ్బుకి అమ్మే థీమ్ (సైటుకి రూపమిచ్చే డిజైన్) ఎవడైనా ఊరికే ఇస్తే ముట్టుకోకు, దొంగ కోడ్ దూర్చి ఉండొచ్చు. హోస్టింగ్ వాళ్లు, అంటే సైటుకి సర్వర్‌లో చోటు అద్దెకిచ్చేవాళ్లు, 'అన్‌లిమిటెడ్' అన్నా సీపీయూకీ, ఫైళ్ల లెక్కకీ హద్దు నిబంధనల్లో రాసే ఉంటుంది. పెళ్లి వీడియోలు దాచుకునే అటక కాదది.

ఇక మెయిల్ సంగతి. నువ్వు తీసుకున్నది షేర్డ్ హోస్టింగ్. బ్రాడీపేట అపార్ట్‌మెంట్ అనుకో, ఫ్లాట్లు ఎవరివి వాళ్లవే, సంపు మాత్రం ఒకటే. ఒక సర్వర్ మీద వందల సైట్లుంటాయి, అందరి మెయిళ్లూ చాలాచోట్ల ఒకే ఐపీ (ఇంటర్నెట్‌లో సర్వర్ నంబరు) నుంచి పోతాయి. గంటకి ఇన్నే పంపాలన్న హద్దు ఉంటుంది కాబట్టి నీ నాలుగు వేలూ ఒక్కసారిగా కదలవు. కదిలిన వాటిలో మూతబడిన అడ్రసులవి 550 అనే 'తీసుకోం' కోడ్‌తో తిరిగొస్తాయి. అరువు జాబితాల్లో స్పామర్లని పట్టడానికే పెట్టిన ఉచ్చు అడ్రసులూ ఉంటాయి. వాటికి తగిలితే స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులోకి ఐపీ ఎక్కొచ్చు. అప్పుడు నీ ఆర్డర్ మెయిళ్లే కాదు, అదే సర్వర్‌లో ఉన్న ఏ డాక్టరుగారి అపాయింట్‌మెంట్ మెయిళ్లో కూడా ఆగిపోతాయి. హోస్టింగ్ వాళ్లు ఖాతా సస్పెండ్ చేస్తారు. సైటుతోపాటు దాని మెయిల్‌బాక్సూ మూతబడుతుంది, అంటే డబ్బు కట్టినవాళ్లు తిట్టే తిట్లు కూడా నీకు చేరవు. అందుకే హోస్టింగ్ ఖాతాకి ఇచ్చే ఈమెయిల్ ఆ డొమైన్‌ది (నీ సైటు పేరుతో ఉండేది) కాకుండా బయటిది ఇవ్వు.

ఆర్డర్ రసీదులు హోస్టింగ్ నుంచే పోనీ. ఆఫర్లకి విడిగా బల్క్ మెయిల్ సర్వీసు తీసుకో, అదీ అడిగి చేరినవాళ్లకే. బిల్లు పేజీలో 'ఆఫర్లు పంపండి' గడిలో నువ్వే టిక్కు పెట్టి ఉంచకు. నీ డొమైన్ వివరాలుండే డీఎన్ఎస్‌లో, మెయిల్ నిజంగా నీదేనని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టించు. ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. సర్వీసు వాళ్లిచ్చిన లైను రెండో రికార్డుగా అతికిస్తే రెండూ చెల్లవు, ఉన్నదాంట్లోనే కలపాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ నియమం, అంటే వెయ్యికి ముగ్గురు. నిన్ను ఎరగని ఆ జాబితాలో వెయ్యికి ముగ్గురు దొరకడం ఎంతసేపు?

కాంటాక్ట్ ఫారానికి క్యాప్చా (నింపేది మనిషో, రోబోనో తేల్చే పరీక్ష) పెట్టు. ఫారం మెయిల్‌లో 'ఫ్రమ్' దగ్గర నీ డొమైన్ అడ్రసే ఉండాలి, రాసినవాళ్లది 'రిప్లై టు'లో పెట్టాలి. ఎప్పుడైనా హోస్టింగ్ వాళ్ల నుంచి అబ్యూజ్ నోటీసు (దుర్వినియోగం జరిగిందన్న హెచ్చరిక) వస్తే వాదించకు. తప్పు సరిచేసి, ఏం చేశావో గడువులోపే రాయి.

గోంగూర ఫోటో గూగుల్‌లోంచి లాగకు తల్లీ. అది ఇంకొకళ్ల సొత్తు, పైగా మీ అమ్మ జాడీ కంటే బాగుండదు.

జాబితా ఇంకా పంపలేదు కదా? ఇది చూడగానే ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

మీ మామయ్య