మిద్దె ఇంటికి మూడు ముఖాలు

ప్రశ్న: మా ముత్తాత కడపలో కట్టించిన మిద్దె ఇంటి వాకిలి పైన గారతో తీర్చిన గజలక్ష్మి, ఆమె పాదాల కింద 1912 అనే అంకె ఉన్నాయి. ముందు పంచలో తల దగ్గర చుట్టలు తిరిగిన దొరల కాలపు స్తంభాలు, కిటికీల మీద మసీదు తోరణాల వంటి వంపులు కనిపిస్తాయి. లోపల మాత్రం మామూలు తొట్టికట్టే, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి, చుట్టూ గదులు. దీనిని ఏ శైలి అనాలి? గోడలు పెచ్చులూడుతున్నందున మేస్త్రీ సిమెంటు పూత వేద్దామంటున్నాడు. వేయించవచ్చునా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇటువంటి కట్టడాలను చూడగానే ఇండో-సారసెనిక్ (దేశీ, ముస్లిం, యూరపు రీతులను కలిపిన దొరల కాలపు శైలి) అనేయడం అలవాటైపోయింది గానీ, మీ ఇంటికి ఆ పేరు అతకదు. 1892లో ప్రారంభమైన మద్రాసు హైకోర్టు భవనం వంటి వాటికి అది సర్కారు వాస్తుశిల్పులు ఆలోచించి ఎంచుకున్న శైలి. మీ ఇంటి నడుము మాత్రం అచ్చంగా రాయలసీమది: తొట్టికట్టు, పడసాల, వెలుతురుకు గవాచి, కాళ్ల కింద కడప బండలు. మారినదల్లా వీధికి కనిపించే ముఖమే. స్తంభాలు సర్కారు కచేరీలను, బంగళాలను చూసి వచ్చినవి. వంపులు నవాబుల కాలం నుంచి కడప మేస్త్రీల చేతిలో ఉన్నవి. లక్ష్మి ఇంటివారి నమ్మకం. ఒక్క పేరే కావాలంటే 'ముఖం మార్చుకున్న మిద్దె' అంటాను.

ఈ కలయికలో రైలుకూ వాటా ఉంది. 1871లో మద్రాసు, బొంబాయి మార్గాలు రాయచూరు వద్ద కలిశాక, ఆ దారి మీదున్న కడపకు దూరపు సరుకు తేవడం సులువైంది. మీ పైకప్పులో ఇనుప దూలాలుంటే నిచ్చెన వేసుకుని వాటి పక్కలను తుడిచి చూడండి. అప్పటి మిద్దెలలో 'డార్మన్ లాంగ్, మిడిల్స్‌బ్రో' అన్న ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలు కనిపించడం కద్దు. ఇంగ్లండు ఉక్కు మీద మన సున్నపు మిద్దె నిలబడి ఉంటుందన్నమాట.

ఇక సిమెంటు సంగతి: వేయించకండి. గానుగ సున్నంతో కట్టిన గోడ నేలలోని తడిని పీల్చుకుని, తిరిగి గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పొర వేస్తే ఆ తడి లోపలే చిక్కుకుని, తనతో తెచ్చిన ఉప్పును ఇటుకలోకి నెడుతుంది. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి పూతతో పాటు ఇటుక ముఖం కూడా ఊడివస్తుంది. మేస్త్రీ తప్పేమీ లేదు, ఆయన నేర్చిన పని అది. ముందుగా తడి ఎక్కడిదో చూడండి: మిద్దె మీది నీళ్లు పోయే తూము పూడిందా, గోడ వెంట కొత్తగా సిమెంటు గచ్చు చేశారా? దానిని సరిచేశాక గోడను వేళ్లతో తట్టుతూ పోండి. డొల్లగా మోగిన చోట మాత్రమే పాత గార తీయించి, బాగా నానిన సున్నం, ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయించండి. బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపే పనివారు దొరికితే మీ అదృష్టం.

గజలక్ష్మిని మాత్రం ఉప్పుకాగితంతో రుద్దనివ్వకండి. ఏటేటా వేసిన వెల్ల పొరలను వెదురు పుల్లతో, ఓపికగా, ఒక మూల నుంచి తీయించండి. అడుగున తొలినాటి రంగు మిగిలి ఉండవచ్చు.