సంఘంలో చేరితే నా పొలం సంఘానిదవుతుందా?

ప్రశ్న: నాకు ఎకరం ముప్పై సెంట్ల పట్టా భూమి ఉంది. మా ఊరి రైతులం విత్తనాలు, ఎరువులు కలిసి కొనుక్కుని, పంటా కలిసే అమ్ముకుందామనుకుంటున్నాం. సొసైటీ పెట్టాలా, కంపెనీ పెట్టాలా తేలడం లేదు. రేపు సంఘం అప్పు తీర్చలేకపోతే మా పొలాలు వేలం వేస్తారని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. నిజమేనా?
– ఒక రైతు, ఆంధ్రప్రదేశ్

జవాబు: ఇంట్లోవాళ్ల భయం సగం నిజం. సభ్యత్వం తీసుకున్నంత మాత్రాన పొలం చేతులు మారదు. మీరు కొనేది సంఘంలో వాటా, అంతే. భూమి మీద హక్కు మారాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. ఏడాది దాటిన కౌలుకూ రిజిస్ట్రేషన్ తప్పదు.

అప్పు దగ్గరే జాగ్రత్త పడాలి. పరిమిత బాధ్యత గల సంఘం మునిగితే మీకు పోయేది వాటా సొమ్మే. కానీ బ్యాంకు కాగితాల కట్టలో ‘హామీదారు’ అన్న చోట మీ సంతకం ఉంటే కథ వేరు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు సంఘం మీద దావా వేసి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలని లేదు. డైరెక్టర్లను ఈ సంతకం అడగడం మామూలే, పదవి వచ్చిన సంబరంలో చదవకుండా పెట్టేసేవాళ్లూ ఉంటారు. ఒరిజినల్ దస్తావేజులు అప్పుకు హామీగా బ్యాంకులో పెడితే అదీ తనఖాయే. ఎవరైనా ‘వెరిఫికేషన్‌కి’ అంటే జిరాక్సు ఇచ్చి, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.

ఇక ఏది పెట్టాలన్నది. 1964 సహకార చట్టం కింద అయితే ప్రభుత్వ వాటాధనం రావచ్చు, దాని వెంటే సహకార శాఖ రిజిస్ట్రారు పెత్తనమూ వస్తుంది. పాలకవర్గాన్ని తీసేసే అధికారం ఆ చట్టంలో ఉంది. ఆ బెడద వద్దనే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చారు. అందులో సర్కారు వాటా ఉండదు, ఎన్నికలు, ఆడిట్ సంగతి సంఘమే చూసుకోవాలి. కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీకి పదిమంది రైతులు చాలు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. షేరును బోర్డు అనుమతితో మరో క్రియాశీల సభ్యుడికే, అదీ ముఖవిలువకే ఇవ్వాలి. కాబట్టి డబ్బున్నవాడు వచ్చి షేర్లన్నీ కొనేస్తాడన్న భయం లేదు.

నన్నడిగితే 1995 చట్టమే మీకు నయం. కంపెనీకి పూర్తికాలం సీఈఓ ఉండాలి. వార్షిక రిటర్నులు ఆలస్యమైతే ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) గ్రాంటు రావాలంటే కంపెనీయే పెట్టాలని చెబితే నమ్మకండి, 2020లో వచ్చిన కేంద్ర పథకం సహకార సంఘాలనూ ఒప్పుకుంది.

బైలా, అంటే సంఘం నియమావళి మాత్రం ఎవరి దగ్గరో కాపీ కొట్టకండి. పంటలో ఎంత భాగం సంఘం ద్వారా అమ్మాలి, అమ్మకపోతే ఏం చేస్తారు, సభ్యుడు మానేస్తే వాటా ఎన్నాళ్లకు తిరిగిస్తారు అన్నవి స్పష్టంగా రాయించండి. దళారి క్వింటాలుకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తే సభ్యులే అటు పోతారు, సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. రిజిస్ట్రేషన్‌కి ముందే ఆ క్లాజు అందరికీ చదివి వినిపించి, ఒప్పుకున్నవాళ్లనే చేర్చుకోండి.