ఆ గోళీల డబ్బా సీలు తీయొచ్చా?

ప్రశ్న: మావారికి కిడ్నీ క్యాన్సర్. మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు, ఎక్కిస్తున్నారు. ప్రోబయాటిక్ గోళీలు (పేగులకు మేలుచేసే బ్యాక్టీరియా ఉండేవి) వేసుకుంటే ఆ మందు ఇంకా బాగా పనిచేస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. మా అబ్బాయి అప్పుడే రెండు డబ్బాలు తెప్పించేశాడు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డాక్టరుగారికి చూపించేదాకా సీలు తీయకండమ్మా. మీకొచ్చిన మెసేజ్ ఉత్త పుకారైతే ఒక్క మాటలో కొట్టిపారేసేవాణ్ణి, అందులో సగం నిజముంది, అదే చిక్కు.

2015లో షికాగో యూనివర్సిటీ వాళ్లు రెండు చోట్ల నుంచి ఒకే జాతి ఎలుకల్ని తెప్పిస్తే, ఒక చోటి ఎలుకల్లో కణితి నెమ్మదిగా పెరిగింది. ఎందుకా అని వెతికితే తేడా పేగుల్లో దొరికింది, ఆ ఎలుకల పేగుల్లో బిఫిడోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా ఉంది. దాన్ని రెండో గుంపుకి తాగించి, ఇమ్యునోథెరపీ మందు కూడా ఇస్తే కణితి పెరగడం దాదాపు ఆగిపోయింది. క్యాన్సర్ ఆనవాళ్లు పట్టి, దాన్ని చంపే టి-కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలు ఈ బ్యాక్టీరియా వల్ల చురుగ్గా మారాయట.

మనుషుల్లోనూ చూశారు, అదీ కిడ్నీ క్యాన్సర్‌లోనే. 2022లో అమెరికాలోని సిటీ ఆఫ్ హోప్ వాళ్లు రెండు ఇమ్యునోథెరపీ మందులకు తోడు సిబిఎం588 అనే బ్యాక్టీరియా ఇస్తే, జబ్బు ముదరకుండా ఉన్న కాలం 12.7 నెలలు, ఇవ్వనివాళ్లలో 2.5 నెలలే. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కానీ మొత్తం పేషెంట్లు 30 మందే, పైగా అది ఫలానా ఒక్క రకం బ్యాక్టీరియా. మీ డబ్బాలో ఉన్నది అదేనా?

ఇంకో సంగతి. 2021లో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ వాళ్లు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్ని గమనిస్తే, రోజుకి 20 గ్రాములు, ఆపైన పీచు తింటూ ప్రోబయాటిక్స్ జోలికి పోనివాళ్లకే మందు ఎక్కువ మేలు చేసింది. ఎలుకలకైతే దుకాణంలో దొరికే ప్రోబయాటిక్స్ పెడితే మందు పని తగ్గింది కూడా!

నన్నడిగితే జొన్నరొట్టె, పప్పు, గోరుచిక్కుడు, ఆకుకూరలు పెట్టండి, ఆయనకు అరిగినంత. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు డాక్టరు వద్దంటే తప్ప మానక్కర్లేదు. జ్వరమొచ్చిందని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రం సొంతంగా కొనకండి, అది పేగుల్లోని మంచి బ్యాక్టీరియానీ చంపేస్తుంది, జ్వరమైతే నేరుగా ఆసుపత్రికే ఫోన్ చేయండి. విరేచనాలు పట్టుకున్నా అంతే, ఈ మందు వల్ల పెద్దపేగు వాయొచ్చు, అప్పుడు పీచూ గోళీలూ అని ఇంట్లో ప్రయోగాలు చేయకుండా అదే రోజు డాక్టరుకి చెప్పండి.