ఉచిత వైఫైకి ప్రభుత్వం డబ్బు పెట్టాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రభుత్వ ఖర్చుతో బహిరంగ ప్రదేశాల్లో ఉచిత వైఫై పెట్టడం మంచిదా, దండగా అన్న విషయంపై ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఉచితం అంటారు గానీ చివరికి అది పన్నులు కట్టేవాళ్ల డబ్బే. వాడనివాళ్లు ఆ భారం ఎందుకు మోయాలి? కంపెనీలు అమ్ముకునే సేవను ప్రభుత్వమే ఊరికే ఇస్తే, ఇక ఆ కంపెనీలు పెట్టుబడి పెడతాయా?

జవాబు: మీ రెండో అభ్యంతరం నుంచి మొదలుపెడదాం. ఈ వాదన గట్టిగా వినిపించిన చోట్లలో ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం. 2004లో అప్పటి మేయర్ జాన్ స్ట్రీట్ నగరమంతటా వైర్‌లెస్ ఇంటర్నెట్ తెస్తామని ప్రకటించారు. టెలిఫోన్ కంపెనీల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చింది. అదే ఏడాది, ఆ నగరం ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్ర శాసనసభ, స్థానిక సంస్థలు డబ్బు తీసుకుని ఇంటర్నెట్ అందించకుండా కట్టడి చేస్తూ చట్టం చేసింది. ఫిలడెల్ఫియాకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

అయితే ఆ పథకాన్ని ముంచింది ఆ గొడవ కాదు. ఎర్త్‌లింక్ అనే కంపెనీ సొంత డబ్బుతో స్తంభాలపై పరికరాలు బిగించి, ఇళ్లకు నెలవారీ చందాపై ఇంటర్నెట్ ఇవ్వాలనుకుంది. వీధిలోని సిగ్నల్ ఇటుక గోడలు దాటి గదుల్లోకి సరిగా రాలేదు. మొదట వేసుకున్న లెక్క కంటే ఎక్కువ పరికరాలు పెట్టాల్సి వచ్చింది. చందాదారులు ఆశించినంత మంది చేరలేదు. 2008లో ఆ కంపెనీ తప్పుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గూగుల్‌తో కలిసి అదే కంపెనీ చేయబోయిన పథకం అంతకు ముందే, 2007లో ఆగిపోయింది. ప్రభుత్వ సొమ్ము వృథా అయిందనడానికి ఫిలడెల్ఫియాను ఉదాహరణగా చూపేవాళ్లు, అక్కడ ప్రధానంగా పోయింది ప్రైవేటు పెట్టుబడి అన్న సంగతి చెప్పరు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ప్రభుత్వం ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తూ కంపెనీలతో పోటీకి దిగితే మీ అభ్యంతరం సబబే. ఆసుపత్రి వరండాలోనో గ్రంథాలయంలోనో పెడితే పోటీ అన్న మాటే రాదు. యూరోపియన్ యూనియన్ వైఫై4ఈయూ పథకంలో దీన్ని నిబంధనగానే రాసుకున్నారు. ఒక చోట అలాంటి ఉచిత సేవ ముందే ఉంటే అక్కడ మళ్లీ పెట్టడానికి డబ్బివ్వకూడదన్నారు.

ఇక పన్నుల సంగతి. దరఖాస్తులు, ధ్రువపత్రాలు, పరీక్ష రుసుములు, ఫలితాలు అన్నీ ఆన్‌లైన్‌లోనే అని తేల్చింది ప్రభుత్వమే. కౌంటరు మూసేసి వెబ్‌సైటు చూసుకోమన్నవాళ్లకు, ఆ వెబ్‌సైటు దాకా దారి వేసే బాధ్యత కూడా ఉంటుంది. ఆ బాధ్యత పట్టణంలోని ప్రతి సందులో సిగ్నల్ ఇవ్వాలన్నంత దూరం మాత్రం పోదు.

ప్రశ్న: పట్టణమంతా వైఫై పరచడం మంచిదా, కొన్ని చోట్లే పెట్టడం మంచిదా?

జవాబు: కొన్ని చోట్లే. కారణం భౌతికశాస్త్రంలో ఉంది. వైఫై ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చన్నదానికి చట్టపరమైన పరిమితి ఉంటుంది. యూరప్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 100 మిల్లీవాట్లు. స్తంభం మీది పరికరం ఆ హద్దు దాకా గొంతు పెంచి దూరంగా వినిపించేలా చేయవచ్చు. కానీ ఫోన్ జవాబు కూడా దానికి వినబడాలి కదా! ఫోన్ రేడియో చిన్నది, బ్యాటరీ కోసం పొదుపుగా పనిచేస్తుంది, పైగా చేతిలోనో జేబులోనో ఉంటుంది. అందుకే దూరంగా నిలబడితే సిగ్నల్ గీతలు కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు.

అడ్డంకులు లేని చోట ఒక పరికరం చుట్టూ 60 మీటర్లు బాగా పనిచేస్తుందనుకుందాం. ఆ వృత్తం వైశాల్యం 11,300 చదరపు మీటర్లు. ఒక చదరపు కిలోమీటరుకు కాగితం మీద 89 పరికరాలు చాలు. అంచులు ఒకదానిపై ఒకటి పడాలి, చెట్లు, భవనాలు అడ్డొస్తాయి, కాబట్టి నిజంగా వందకు పైనే కావాలి. ప్రతిదానికీ కరెంటు, ఇంటర్నెట్ లైను, స్తంభం వాడుకునే అనుమతి, పాడైతే ఎక్కే మనిషి ఉండాలి. ఇంతా చేసి వాడేదెవరు? నడిచి పోయేవాళ్లు వీధిలో నిలబడి దరఖాస్తులు నింపరు.

జనం కనీసం ఇరవై నిమిషాలు కూర్చునే చోట్లు వెతకండి. గ్రంథాలయాలు, ఆసుపత్రుల్లో వేచి ఉండే గదులు, బస్టాండ్లు, విద్యార్థుల వసతి గృహాలు, ప్రభుత్వ కార్యాలయాల వరండాలు. వైఫై4ఈయూలో ఒక్కో స్థానిక సంస్థకు ఇచ్చిన 15,000 యూరోలతో ఆరుబయటైతే కనీసం 10, భవనాల లోపలైతే కనీసం 15 పరికరాలు పెట్టాలన్నారు. ఆ డబ్బు పరికరాలకు, బిగింపుకు మాత్రమే. కనీసం 3 ఏళ్ల పాటు ఇంటర్నెట్ లైను ఖర్చు, నిర్వహణ ఆ స్థానిక సంస్థే భరించాలి. ఈ షరతు చూసి కొందరు పెదవి విరిచారు గానీ, ఆ పథకంలో అన్నిటికన్నా పనికొచ్చే నిబంధన ఇదేనంటాం. బిగించిన మరునాటి నుంచి ఎవరు చూసుకోవాలో ముందే తేలిపోయింది.

ప్రశ్న: ఒక బస్టాండులో పెట్టాలంటే ఎంత వేగం లైను తీసుకోవాలి?

జవాబు: లైను సంగతి ముందు అడిగినందుకు సంతోషం. చాలా పథకాల్లో పరికరాల టెండరు అయ్యాక గానీ ఈ మాట రాదు. పెద్ద గొట్టం వేయకుండా వీధి కుళాయిలు బిగించినట్టు ఉంటుంది పరిస్థితి.

లెక్క ఇలా వేయండి. రద్దీ వేళలో 200 ఫోన్లు కలిసి ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకేసారి పనిచేయవు, నాలుగో వంతు అనుకుంటే 50. వీడియో కూడా చూడగలగాలంటే ఒక్కొక్కరికి సెకనుకు 3 మెగాబిట్లు. మొత్తం 150. కాస్త వెసులుబాటు కలిపి 200 మెగాబిట్ల ఫైబర్ లైను తీసుకోండి. ఒక్కో ఫోనుకు గరిష్ఠంగా 5 మెగాబిట్లు అని హద్దు పెట్టండి. లేకపోతే పదిమంది పెద్ద ఫైళ్లు దించుకుంటుంటే మిగతావాళ్లకు మెయిల్ కూడా తెరుచుకోదు. ఆ 200 ఫోన్లను ఒకే పరికరానికి వేలాడదీయకండి. ఒక్కోదానికి 40, 50కి మించకుండా నాలుగైదు పెట్టండి.

ప్రశ్న: సిగ్నల్ నిండుగా ఉంటుంది, కనెక్ట్ కూడా అవుతుంది, తర్వాత "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరుగుతూనే ఉంటుంది. ఉచితం కాబట్టి నాసిరకం పరికరాలు పెట్టారా?

జవాబు: పరికరం మంచిదే అయి ఉండవచ్చు. అమరికలు ఇంటి రౌటర్‌లో ఉన్నట్టే వదిలేసి ఉంటారు. నెట్‌వర్క్‌లో కలిసే ప్రతి ఫోనుకూ ఐపీ అడ్రస్ అనే ఒక సంఖ్యా చిరునామా కావాలి, ఇంటి అమరికలో పంచడానికి అవి సుమారు 254 ఉంటాయి. ఒకసారి ఇచ్చిన చిరునామాను చాలా రౌటర్లు 24 గంటల దాకా మరొకరికి ఇవ్వవు. ఇదివరకు ఒకసారి కలిసిన ఫోన్ అయితే, బస్టాండు ముందు నుంచి పోతున్న బస్సులో ఉన్నా తనంతట తానే కలిసి ఒక చిరునామా పట్టుకుని పోతుంది. పొద్దున్నే ఖజానా ఖాళీ. ఆ తర్వాత వచ్చినవాళ్ల ఫోన్లు అడుగుతూనే ఉంటాయి. విరుగుడుకు పైసా ఖర్చు లేదు. చిరునామా గడువును 30 నిమిషాలకు తగ్గించాలి, చిరునామాల శ్రేణిని 2,046కో 4,094కో పెంచాలి. శ్రేణి పెంచినప్పుడు ఒక ఫోన్ మరో ఫోన్‌ను నేరుగా చేరుకోకుండా విడదీసే అమరిక తప్పనిసరిగా పెట్టాలి. వాడేవాళ్ల భద్రతకూ అది కావాలి.

చిరునామా వచ్చాక కూడా నత్తనడకే అయితే చూడాల్సింది పరికరంలో ఇంకా తెరిచి ఉంచిన పాత, తక్కువ వేగాలు. వైఫైలో గాలి ఒక్కటే, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. 1,500 బైట్ల ప్యాకెట్టు 1 మెగాబిట్ వేగంతో పోవడానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది, 54 మెగాబిట్లతో అయితే 0.22. అంటే దూరంగా గేటు దగ్గర నిలబడ్డ ఒక్క ఫోన్ యాభై ఫోన్ల సమయం తినేస్తుంది. 1, 2, 5.5, 11 మెగాబిట్ల వేగాలను మూసేసి, కనిష్ఠ వేగం 12గా పెట్టాలి. గేటు దగ్గరి ఫోన్ తెగిపోతుంది నిజమే. లోపల కూర్చున్న వందమందికి పని జరుగుతుంది.

ఒకే పరికరం నుంచి ఐదారు నెట్‌వర్క్ పేర్లు ప్రసారం చేసే అలవాటు కూడా మానాలి. ప్రతి పేరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికిని చాటుతుంది, అదీ అతి తక్కువ వేగంతో. రెండు పేర్లు చాలు, మూడు మించకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానళ్లు 1, 6, 11 మాత్రమే. పక్కపక్క పరికరాలకు అవే పంచండి. 5 గిగాహెర్ట్జ్‌లో చానల్ వెడల్పు 20 గాని 40 గాని మెగాహెర్ట్జ్ ఉంచండి. 80 పెడితే ప్రకటనలో వేగం బాగుంటుంది, రద్దీలో కుప్పకూలుతుంది.

రద్దీ పెరిగినప్పుడల్లా పరికరం ఆగి మళ్లీ మొదలవుతోందా? బహుశా కరెంటు చాలడం లేదు. లాన్ తీగ గుండానే కరెంటు పంపే పద్ధతిలో పాత ప్రమాణపు స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లే ఇస్తుంది. కొత్త పరికరాలకు తరచూ 30 వాట్ల పోర్టు కావాలి. తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. దూరం పెరిగేకొద్దీ అందులో వోల్టేజీ పడిపోతుంది. టెండరులో "పూర్తి రాగి" అని రాసి, తీగ కోసి చూశాకే బిల్లు మంజూరు చేయాలి.

ప్రశ్న: ఓటీపీ లేకుండా ఎవరికి పడితే వారికి ఇస్తే నేరాలు జరగవా?

జవాబు: ముందు ఓటీపీ ఎవరిని ఆపుతుందో చూడండి. సిమ్ లేని ట్యాబ్‌తో వచ్చిన విద్యార్థి, రీఛార్జి అయిపోయి మెసేజీలు ఆగిన ఫోన్, వేరే దేశపు నంబరున్న ప్రయాణికుడు, నేలమాళిగలో సిగ్నల్ అందని రోగి బంధువు. ఉచిత వైఫై ఎవరికోసమో వాళ్లే బయట ఉండిపోతారు.

గుర్తింపు అవసరమా అన్నది ఆయా దేశాల చట్టాన్ని బట్టి ఉంటుంది, చట్టం అడిగితే పాటించక తప్పదు. అప్పుడు ఓటీపీతో పాటు మరో దారి ఉంచండి. గ్రంథాలయం కార్డు నంబరు, లేదా కౌంటరులో ఇచ్చే చీటీ. బాధ్యత విషయంలో యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2016లో ఒక తీర్పు చెప్పింది. బహిరంగ వైఫై వాడి ఎవరో కాపీరైటు ఉల్లంఘిస్తే, దానికి వైఫై ఇచ్చిన వ్యాపారి నష్టపరిహారం కట్టనక్కరలేదు, అయితే పాస్‌వర్డ్ పెట్టి వాడకందారులను గుర్తించమని కోర్టు ఆదేశించవచ్చు అన్నది దాని సారం.

ఫోన్ హార్డ్‌వేర్ చిరునామాను (ఐపీ అడ్రస్ కాదు, తయారీలోనే ఫోన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యను) బట్టి రోజుకు ఇన్ని నిమిషాలని పరిమితి పెడదామనుకునేవాళ్లకు ఒక మాట. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు చిరునామా బదులు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామా చూపిస్తున్నాయి. దాన్ని నమ్ముకుని కాపలా పెట్టలేరు.

ప్రశ్న: లాగిన్ పేజీ రాకపోతే ఏం చేయాలి?

జవాబు: మీ ఇంటర్నెట్‌ను వేరే సర్వరు గుండా తిప్పే వీపీఎన్ యాప్ ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్ సెట్టింగులలో "ప్రైవేట్ డీఎన్‌ఎస్"ను "ఆటోమేటిక్"కు మార్చండి. నెట్‌వర్క్‌ను "మర్చిపో" అని చెప్పి మళ్లీ కలవండి. అప్పటికీ రాకపోతే లోపం అటువైపే.

ప్రశ్న: బ్యాంకు పనులు చేసుకోవచ్చా?

జవాబు: బ్యాంకు యాప్ తన మాటలన్నీ తానే గుప్తీకరించి పంపుతుంది కాబట్టి పక్కవాడు గాలిలో వినడం వల్ల పెద్ద ప్రమాదం లేదు. అసలు ప్రమాదం నకిలీ నెట్‌వర్క్ పేరు. అదే పేరుతో ఎవరైనా చిన్న రౌటర్ పెట్టి, లాగిన్ పేజీలో కార్డు వివరాలు అడగవచ్చు. ఉచిత వైఫై లాగిన్ పేజీ కార్డు నంబరుగానీ, మెయిల్ పాస్‌వర్డ్‌గానీ అడిగితే వెంటనే బయటికి రండి. సైటు అసలుదో కాదో తేలలేదని చెప్పే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే "ముందుకు" నొక్కకండి.

పథకం పెట్టేవాళ్లకు రెండు సూచనలు. పాస్‌వర్డ్ లేకుండానే ప్రతి ఫోనుకు విడిగా గుప్తీకరణ ఇచ్చే ఓడబ్ల్యూఈ పద్ధతి 2018 నుంచి ఉంది, దాన్ని వాడండి. ఒకసారి ఫోన్‌లో ప్రొఫైల్ వేసుకుంటే ప్రతిచోటా దానంతట అదే భద్రంగా కలిసే పాస్‌పాయింట్ ఇంకా మేలు, నకిలీ పేరు దాని దగ్గర చెల్లదు.

ప్రశ్న: ప్రకటనలతో నడిపితే ప్రభుత్వానికి ఖర్చే ఉండదు కదా?

జవాబు: న్యూయార్క్ 2016లో ఆ దారిన వెళ్లింది. పాత టెలిఫోన్ బూత్‌ల స్థానంలో లింక్‌ఎన్‌వైసీ స్తంభాలు నిలబెట్టి, వాటి తెరలపై ప్రకటనల ఆదాయంతో ఉచిత వైఫై ఇచ్చారు. ఆదాయం అనుకున్నంత రాలేదు, నడిపే సంస్థ నగరానికి కట్టాల్సిన డబ్బు బాకీ పడింది. ప్రకటనదారుకు జనం తిరిగే ఖరీదైన వీధులు కావాలి. వైఫై అవసరం అటువంటి వీధులకు దూరంగా ఉన్నవారికే ఎక్కువ. ఇక ఎవరు ఎక్కడ ఏం చూశారన్న సమాచారం అమ్ముకునే ఏర్పాటైతే అసలే వద్దు. వైఫై4ఈయూ ప్రకటనలనూ, వ్యాపారం కోసం సమాచార సేకరణనూ రెంటినీ నిషేధించింది. మీ ఒప్పందంలోనూ అదే వాక్యం రాయించండి.

ప్రశ్న: మొబైల్ డేటా చవకైపోయింది. ఇంకా ఇదెందుకు?

జవాబు: గూగుల్ కూడా అలాగే అనుకుంది. భారతీయ రైల్వేస్టేషన్లలో, రైల్వేల టెలికాం సంస్థ రైల్‌టెల్‌తో కలిసి 2016లో ముంబై సెంట్రల్‌తో మొదలుపెట్టి 400కు పైగా స్టేషన్లకు విస్తరించిన ఉచిత వైఫై నుంచి, మొబైల్ డేటా చవకైందన్న కారణంతో 2020లో తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. స్టేషన్లలో సేవను రైల్‌టెల్ కొనసాగించింది. నడిచే దారిలో అవసరం తగ్గింది, ఒప్పుకుంటాం. గంటల కొద్దీ వీడియో పాఠాలు, ల్యాప్‌టాప్ అప్‌డేట్లు ఇంకా రోజువారీ డేటా కోటాలో ఇమడవు. రోగులున్న భవనాల లోపలి గదుల్లోకి టవర్ సిగ్నల్ తరచూ సరిగా రాదు.

ఇంకొకటి, విపత్తులు. జపాన్‌లో పెద్ద విపత్తు వస్తే టెలికాం కంపెనీలు తమ వైఫైని "00000జపాన్" అన్న ఒకే పేరుతో, పాస్‌వర్డ్ లేకుండా తెరిచేస్తాయి. 2016 ఏప్రిల్‌లో కుమమొతో భూకంపం తర్వాత దాన్ని మొదటిసారి వాడారు. ముందున్న సున్నాల వల్ల ఆ పేరు జాబితాలో పైన కనిపిస్తుంది. అలాంటి ఏర్పాటు ముందే సిద్ధంగా ఉండాలంటే పరికరాలు, వాటి వెనక బ్యాటరీ, లైను ఉండాలి. విపత్తు వచ్చాక టెండరు పిలవలేం.

ప్రశ్న: మా పట్టణ సంఘం "లక్షమంది కనెక్ట్ అయ్యారు" అని ప్రకటించింది. నమ్మవచ్చా?

జవాబు: ఆ అంకెకు విలువ లేదు. బస్సులో పోతున్న ఫోన్ కూడా అందులో ఉంటుంది. నాలుగు అంకెలు అడగండి. కలిసిన ఫోన్లలో ఎన్నింటికి చిరునామా దొరికింది? వాటిలో ఎన్ని లాగిన్ పేజీ దాటాయి? ఐదు నిమిషాలకు మించి వాడినవి ఎన్ని? ఒక్కో చోట నెలలో ఎన్ని గంటలు సేవ ఆగింది? ఇవన్నీ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగానే ఉంటాయి, ఎవరి పేరూ బయటపెట్టకుండా ఇవ్వవచ్చు. గుత్తేదారుకు బిల్లు కూడా బిగించిన పరికరాల సంఖ్యను బట్టి కాక, నాలుగో అంకెను బట్టి నెలనెలా చెల్లించేలా ఒప్పందం ఉందో లేదో అడగండి.