బారాత్ మీది, జఫ్ఫా వాళ్లది... బిల్లు ఎవరిది?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఇరవై ఏళ్లుగా చికాగోలో ఉంటున్నాం. మా ఆవిడ పుట్టిల్లు కరాచీ. అమ్మాయికి పాలస్తీనా కుటుంబంలో సంబంధం కుదిరింది. మా వైపు మెహందీ, నిఖా, బారాత్ (పెళ్లికొడుకు ఊరేగింపు), వలీమా (పెళ్లయ్యాక విందు) అంటున్నారు. వాళ్లు హెన్నా రాత్రి, కత్బ్ కితాబ్ (పెళ్లి ఒప్పందం), జఫ్ఫా (వాయిద్యాలతో పెళ్లి ఊరేగింపు) అంటున్నారు. 300 మంది అతిథులు. దాచింది 45 వేల డాలర్లు, లెక్క 75 వేలు దాటుతోంది. మిగతాదానికి 401(కె), అంటే ఉద్యోగంలో దాచుకునే రిటైర్మెంట్ ఖాతా, మీద లోను తీసుకోవచ్చా?

జవాబు: లోను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎవరి ఖర్చు ఏదో తేల్చుకోండి. మీ ఇళ్లలో బారాత్ విందు అమ్మాయి వాళ్లది, వలీమా అబ్బాయి వాళ్లది. పాలస్తీనా కుటుంబాల్లో పెళ్లి విందు మామూలుగా అబ్బాయి వాళ్లే చేస్తారు. ఈ మాట ముందే అనుకోకపోతే అవే 300 మందికి రెండు హాళ్లు బుక్కవుతాయి. హాలు అడ్వాన్సు చాలాచోట్ల తిరిగి ఇవ్వరు.

మీరు రాసినవి ఏడు పేర్లు, పనులు మాత్రం మూడే. నిఖా, కత్బ్ కితాబ్ ఒకటే ఒప్పందం. మసీదులో దగ్గరివాళ్ల మధ్య కానిచ్చేయండి. మెహందీ, హెన్నా ఒకే సాయంత్రం పెట్టుకోండి: ఢోల్కీ పాటలు ముందు, వాళ్ల దబ్కే నాట్యం తర్వాత. బారాత్, జఫ్ఫా కలిపి ఒకే ఊరేగింపు, ఒకే విందు, బిల్లు చెరి సగం. వలీమా విడిగా కావాలంటే అబ్బాయి ఇంట్లో యాభై మందికి సరిపెట్టవచ్చు. ఢోల్ వాళ్లకూ జఫ్ఫా బృందానికీ ఒకే టైం ఇవ్వకండి. ఒకరి మోత ఇంకొకరికి వినపడదు, డబ్బు ఇద్దరికీ కట్టాలి. బారాత్ గంట ఆలస్యమైతే హాలు ఓవర్‌టైం పడుతుంది, అది ఎవరు కట్టాలో కూడా ఇప్పుడే రాసుకోండి.

ప్లేటు 80 డాలర్లంటే 300 మందికి 24,000. సర్వీస్ చార్జి 22 శాతమైతే మరో 5,280. అంతా 29,280, పన్ను అదనం. మీ సగం సుమారు 14,640. మెహందీకి 150 మంది, ప్లేటు 35 చొప్పున 5,250. మీ బిర్యానీ, వాళ్ల మన్‌సఫ్ రెండూ అన్నం, మాంసమే. రెండూ 300 మందికి చెప్తే సగం పారేయాల్సిందే, బిర్యానీ 200కి, మన్‌సఫ్ 150కి చాలు. అంటే విందులకు మీ వంతు సుమారు 20 వేలు. బట్టలు, అలంకరణ, ఫొటోలకు ఇంకా 25 వేలు మిగులుతాయి.

నేను ఎక్కువగా భయపడేది మహర్ (పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే సొమ్ము) కాగితం గురించి. హైదరాబాద్‌లో తులం అంటే పది గ్రాములు. కరాచీలో 11.66 గ్రాములు. 'పది తులాలు' అని రాస్తే మీకు 100 గ్రాములు, మీ ఆవిడకు 116.6. ఇక అబ్బాయి వాళ్లకు అలవాటైన బంగారం 21 క్యారెట్లు, మీ వైపు 22. వంద గ్రాముల్లో 21 క్యారెట్లకు 87.5 గ్రాముల మేలిమి ఉంటుంది, 22కు 91.6. కాబట్టి గ్రాములు, క్యారెట్లు రెండూ రాయించండి. ఇంకో చిక్కు: వెంటనే ఇచ్చే మహర్‌నూ, తర్వాత ఇచ్చేదాన్నీ ఉర్దూలో పలికే మాట దాదాపు ఒకటే, అక్షరమే వేరు. అందుకే ఇంగ్లిష్‌లో 'ప్రాంప్ట్', 'డిఫర్డ్' అని విడివిడిగా రాయించి, సంతకాలకు ముందు లాయరుకు చూపించండి. మహర్ అమ్మాయి సొంతం, మీ బడ్జెట్‌లో కలపకండి.

నుఖూత్, సలామీ (అతిథులు పెట్టే డబ్బు కానుకలు) వస్తాయిగా అని ఖర్చు పెంచకండి. నుఖూత్ అంటే మన చదివింపులే: ఎవరెంత పెట్టారో రాసుకుంటారు, రేపు వాళ్లింట్లో పెళ్లికి తిరిగి పెట్టాలి. అది రాబడి కాదు, వడ్డీలేని అప్పు.

ఇక లోను. ప్లాన్‌లో మీకు హక్కుగా వచ్చిన మొత్తంలో సగం, లేదా 50 వేల డాలర్లు, ఏది తక్కువైతే అంతవరకే సాధారణంగా ఇస్తారు. ఐదేళ్లలో తీర్చాలి. మధ్యలో ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా సర్దకపోతే అది ఆదాయంగా లెక్కకొస్తుంది, 55 ఏళ్ల లోపు మానేసినవాళ్లకు సాధారణంగా పది శాతం జరిమానా కూడా. పై లెక్క ప్రకారం మీకు ఆ అవసరమే కనిపించడం లేదు. వియ్యంకుడితో కూర్చుని బిల్లు పంచుకోండి, ఆ తర్వాతే హాలుకు అడ్వాన్సు కట్టండి.